చెరువు అంచున జమ్ము కోతకు ట్రాక్టర్ పరికరం: టేపు పట్టిన దగ్గర్నుంచి మొదటి కోత దాకా

అంచు పొడవునా ఆళ్లెత్తు జమ్ము, వాలు మీద రెల్లు, మధ్యమధ్యలో బొటనవేలంత లావు కర్రమొక్కలు. ఉన్న ట్రాక్టర్ 45 హార్స్‌పవర్, టూ వీల్ డ్రైవ్, బరువు సుమారు రెండు టన్నులు, పీటీఓ (ఇంజన్ శక్తిని వెనక పరికరానికి అందించేది) 540 ఆర్‌పీఎం, ఆరు పళ్ల షాఫ్టు. దీనికి ఏ కోత పరికరం తగిలించాలన్నదే లెక్క.

మొదటి దశ: కొలతలు

గడ్డి ఎంత మొండిదో చూసి పరికరం ఎంచుకుంటే పని చెడుతుంది. ముందు చూడాల్సింది టైరు ఎక్కడ నిలబడగలదు, అక్కడి నుంచి నీళ్లు ఎంత దూరం అన్నది. గట్టు నీటికి ఎంత ఎత్తుంటే, కనీసం అంత దూరం అంచు నుంచి వెనక్కి జరిగి టైరు నడవాలి. నేల తడిగా ఉన్నా, ఎలుకలూ పీతలూ బొరియలు చేసినా ఇంకా వెనక్కి. పైకి గట్టిగా కనబడే గట్టు లోపల డొల్లగా ఉండొచ్చు. గునపం దించి చూడకుండా ట్రాక్టర్ ఎక్కించకూడదు.

ఉత్తరపు గట్టు ఎత్తు 60 సెంటీమీటర్లు, వాలు పొడవు 108. వదలాల్సిన 60 కలిపితే టైరు నుంచి నీటికి 168 సెంటీమీటర్లు. దక్షిణపు గట్టు ఎత్తు 120, వాలు 216, మొత్తం 336. ఒకే చెరువు, కానీ పరికరం విషయంలో ఇవి రెండు వేర్వేరు పనులు.

రెండో దశ: ఏవి పక్కకు పోయాయి

స్లాషర్ (ట్రాక్టర్ వెనక అడ్డంగా తిరిగే బ్లేడ్లతో కోసేది) ముందే పోయింది. గట్టు పైన చదును నేలకు మంచిదే. దాన్ని నీటి అంచుకు పట్టుకెళ్లాలంటే ట్రాక్టర్‌ను వెనక్కి నడిపి, స్లాషర్‌ను వాలు మీదికి వేలాడదీయాలి. అప్పుడు బరువంతా వెనక చక్రాల మీద, చక్రాలు నీటి వైపు. ఒక్క టైరు కుంగిందంటే బయటికి రావడానికి మరో ట్రాక్టర్ కావాలి. పైగా బ్లేడుకు తగిలిన రాయి వంద మీటర్లు కూడా పోగలదు. వెనక భాగం పైకి లేచి ఉంటే దాన్ని ఆపే అడ్డే ఉండదు.

సికిల్ బార్ (కత్తెరలా అటూ ఇటూ ఆడే కత్తి పళ్ల పట్టీ) విషయంలో తొందరగా తేల్చకూడదు. ఒట్టి జమ్ము, రెల్లు అయితే ఇంతకంటే మంచిది లేదు. తక్కువ పవర్ తీసుకుంటుంది, కాడలను ముక్కలు చేయకుండా పొడుగ్గా పడేస్తుంది కాబట్టి పంగలకర్రతో లాగేయడం సులువు. 75 మిల్లీమీటర్ల కత్తి పళ్లు గార్డుల (వేళ్లలా ముందుకు పొడుచుకొచ్చే ఇనుప ముక్కల) మధ్య కరెక్టుగా కూర్చోవాలి. బార్ బయటి కొస మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ముందుకు ఉండాలి, ఎందుకంటే కోతలో గడ్డి బరువుకు అది వెనక్కి వంగుతుంది. ఇక్కడ అది వద్దనడానికి కారణం కర్రమొక్కలు. బొటనవేలంత కాడ పళ్ల మధ్య ఇరుక్కుంటుంది, దాగిన రాయి తగిలితే గార్డు వంగిపోతుంది.

మిగిలింది పక్కకు చాచి వాల్చే ఫ్లెయిల్ (రోటర్ అనే తిరిగే ఇరుసుకు వేలాడే చిన్న బ్లేడ్లతో కోసేది), అంటే ఆఫ్‌సెట్ మల్చర్.

మూడో దశ: మడత ఎక్కడుంది?

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. హెడ్డు, అంటే బ్లేడ్లున్న కోత భాగం, ఎన్ని డిగ్రీలు కిందికి వాలుతుందో అందరూ అడుగుతారు. వాలేది ఏ చోటు నుంచి అన్నది అడగరు. హెడ్డు లోపలి కొస దగ్గర మడత ఉంటుంది. ఆ మడత గట్టు అంచు దాటి బయటికి వస్తేనే హెడ్డు వాలు మీద పూర్తిగా పడుకుంటుంది. మడత గట్టు పైనే ఆగిపోతే హెడ్డు అంచు మీద ఆనుకుని వంతెనలా నిలుస్తుంది. అంచు మట్టిని గీకుతుంది, కింద గడ్డి అలాగే ఉంటుంది.

కాబట్టి ఆర్మ్ (హెడ్డును పక్కకు చాపే చేయి) పూర్తిగా చాపించి, టైరు బయటి గోడ నుంచి హెడ్డు లోపలి కొస దాకా టేపు పట్టాలి. ఉత్తరపు గట్టుకు అది కనీసం 60 సెంటీమీటర్లు రావాలి. చాలా మోడళ్లలో హెడ్డు టైరును దాటీ దాటకుండా ఆగుతుంది. అలాంటివి ఎంత వెడల్పున్నా దండగే. వాలు 108 సెంటీమీటర్లే కాబట్టి హెడ్డు 125 ఉంటే చాలు. పొట్టి హెడ్డు, పొడుగు ఆర్మ్ అన్నదే ఇక్కడ సరైన జోడీ.

దక్షిణపు గట్టును ట్రాక్టర్‌తో కోయాలంటే బూమ్ మోవర్ (పొడుగాటి చేయి కొసన హెడ్డు ఉండేది) తప్ప దారి లేదు. క్యాటలాగులో రాసే రీచ్ (చేయి అందుకునే దూరం) చాలాసార్లు ట్రాక్టర్ మధ్యగీత నుంచి లెక్క. 336కు ట్రాక్టర్ సగం వెడల్పు 90 కలిపితే 426 అవుతుంది. అంత బూమ్‌ను రెండు టన్నుల ట్రాక్టర్‌కు తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆ వైపు బరువైన ట్రాక్టర్‌తో అద్దెకు, లేదా భుజాన వేసుకునే బ్రష్ కట్టర్‌తో.

నాలుగో దశ: బరువు, షాఫ్టు

పక్కకు వేలాడే బరువుకు ముందు బంపర్‌కు వెయిట్లు వేసి సరిపెట్టుకుంటారు. స్టీరింగ్ తేలిపోకుండా అవి పనికొస్తాయి గానీ పక్కకు పడకుండా పెద్దగా ఆపవు. టూ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. ట్రాక్టర్‌ను నిలబెట్టేది నాలుగు చక్రాల చతురస్రం కాదు, ఆ పిన్నూ రెండు వెనక టైర్లూ కలిసిన త్రికోణం. హెడ్డు కుడివైపు ఉంటే బరువు ఎడమ వెనక చక్రానికి పడాలి. వాల్వు పైకి ఉంచి, దాని మట్టం దాకా టైరులో నీళ్లు నింపితే దాదాపు 75 శాతం నిండుతుంది. అది చాలకపోతే చక్రానికి వెయిట్లు. వెనక చక్రాల ట్రాక్ వెడల్పు, అంటే రెండు చక్రాల మధ్య దూరం, కూడా పెంచాలి.

పరీక్ష చదును నేల మీద చేయాలి. హెడ్డు పూర్తిగా చాపి 15 సెంటీమీటర్లు లేపి, ఎడమ టైరు కింది ఉబ్బు చూడాలి. ఉబ్బు పోయి టైరు గుండ్రంగా కనబడిందంటే ఆ చక్రం మీద బరువు లేదన్నమాట. వాలు దగ్గరికి వెళ్లే ప్రసక్తే లేదు.

ఆర్మ్ జరిగేకొద్దీ పీటీఓ షాఫ్టు పొడవు మారుతుంది. పూర్తిగా సాగినప్పుడు లోపలి గొట్టం కనీసం మూడో వంతు లోపలే ఉండాలి. పూర్తిగా ముడుచుకున్నప్పుడు రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ లేకపోతే షాఫ్టు గేర్‌బాక్సు బేరింగును తోసి పగలగొడుతుంది.

ఐదో దశ: మొదటి కోత

వై ఆకారపు బ్లేడ్లు గడ్డికి, సన్నకాడలకు సరిపోతాయి. కర్ర ఎక్కువైతే సుత్తి బ్లేడ్లు. ముందు కర్రతో పొదలు తడుముతూ నడిచి, రాళ్లూ తీగలూ ఉన్నచోట గుర్తులు పెట్టాలి. మొదటి విడత 15 సెంటీమీటర్ల ఎత్తులో, గంటకు 2 కిలోమీటర్లకు మించకుండా. రెండో విడత 8 నుంచి 10. అంతకంటే కిందికి గీకితే అంచు మట్టిని పట్టి ఉంచే వేళ్లు పోతాయి, మొదటి వానకే గట్టు జారుతుంది.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చుట్టుకోవడం. జమ్ము పీచు, పాత వల దారం రోటర్ కొసలకు చుట్టుకుని సీలును కోసేస్తాయి. ఆ వెంటనే బేరింగు పని అయిపోతుంది. గంటకోసారి పీటీఓ తీసి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, హెడ్డు కింద దిమ్మె పెట్టి కత్తితో కోసి తీయాలి. బేరింగు పెట్టె మీద చెయ్యి ఆనించి ఉంచలేకపోతే ఆ రోజుకు కోత ఆపాలి.

హెడ్డు మొత్తం అదరడం మొదలైతే బ్లేడు ఒకటి ఊడిందని అర్థం. దానితోపాటు ఎదుటి బ్లేడునూ మార్చాలి, బోల్టులూ కొత్తవే. రబ్బరు కాలిన వాసన, నల్లటి పొడి వస్తే బెల్టు జారుతోంది.

హెడ్డును నీళ్లలో ముంచకూడదు. వేడెక్కిన గేర్‌బాక్సు ఒక్కసారిగా చల్లారితే లోపలి గాలి ముడుచుకుని, సీలు గుండా నీటిని పీలుస్తుంది. మర్నాడు ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే మొత్తం దించి, కొత్తది పోయాలి.

నీళ్లలో పడిన తుక్కును అదే రోజు లాగేయాలి. అది కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, చేపలకు ముప్పు. ముక్క నుంచే మొలిచే నీటి కలుపు ఉన్నచోట ఫ్లెయిల్ పెట్టనే కూడదు, ఒక్క మొక్క వంద అవుతుంది.

ఈ కోతను నీటిమట్టం బాగా తగ్గినప్పుడే పెట్టాలి. గట్టు గట్టిపడి ఉంటుంది, జమ్ము మోడులు బయట ఉంటాయి. జమ్ము వేళ్లకు గాలి అందేది నీటిపైన ఉన్న కాడల గుండానే, ఎండిన కాడల గుండా కూడా. మోడులను నేలకు దగ్గరగా కోశాక నీరు పెరిగి వాటిని ముంచేస్తే దుంపలు ఊపిరాడక కుళ్లుతాయి. నీరు నిండాక పడవలో వెళ్లి, ఇంకా నీటిపైకి కనబడే మోడులను కొడవలితో నీటి అడుగున కోయడమే తర్వాతి పని.