అద్దె అగ్రిమెంటు, చాట్‌బాట్, మన తెలుగు

బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు ఇప్పుడు బ్రోకరు కంటే ముందు చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. తెలుగులో అడిగితే తెలుగులోనే, తడుముకోకుండా చెప్తుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకంటే, ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చక్కగా వివరిస్తుంది. ఆ నమ్మకంతోనే అడ్వాన్సు ఎంత ఉండాలని అడుగుతాం. చిక్కంతా అక్కడే.

చట్టం ప్రకారం రెండు నెలల అద్దెకు మించకూడదని అనేయగలదు. ఆ మాట గాల్లోంచి ఊడిపడలేదు. 2021 నాటి నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు ఆ పరిమితి ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. ఇక్కడ ఓనర్లు ఆరు నెలలు, ఒక్కోచోట పది నెలల అద్దె అడగడం అందరూ ఎరిగిందే. చాట్‌బాట్ ఒక మాట వెనక ఏ మాట వస్తుందో అంచనా వేస్తూ పేర్చుకుపోతుంది. ఆ పేర్పులో 'అయితేనే' అన్న షరతు జారిపోయినా వాక్యం మాత్రం నున్నగానే ఉంటుంది.

అందుకే ఊరి సంగతులు అడగడం కన్నా మన కాగితం ఇచ్చి చదివించడం మేలు. పేర్లు, ఫోను, ఆధార్, పాన్ నంబర్లు తీసేసి మిగతాది అతికించండి. ఇలా అడగండి: "ఇందులో ఉన్నదే చెప్పు. నోటీసు ఎన్ని నెలలు? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు? ప్రతి జవాబు కింద క్లాజు నంబరు, అసలు ఇంగ్లీషు వాక్యం ఇవ్వు. లేకపోతే లేదను." ఆ చివరి మాట వదలొద్దు. అది లేకపోతే, పెయింటింగ్ ఊసే లేని అగ్రిమెంటుకు కూడా ఊరి వాడుక చూసి ఒక నెల అద్దె అని రాసేయగలదు. ఇచ్చిన వాక్యాన్ని కాగితంలో వేలు పెట్టి వెతకండి. ఫొటో తీసి ఇస్తే అంకెలు మరీ జాగ్రత్త. స్టాంపు ముద్ర కింద పడిన 3 కాస్తా 8 అయిపోవచ్చు.

ఇక మన లిపి. 'బెంగళూరు' మనకు నాలుగక్షరాలు: బెం, గ, ళూ, రు. కంప్యూటర్లు లిపులకు వాడే యూనికోడ్‌లో 8 గుర్తులు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. చాట్‌బాట్ మాత్రం రాతను టోకెన్లు అనే ముక్కలుగా చూస్తుంది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు, దాన్ని చేసిన ఓపెన్‌ఏఐ చూపిన తెలుగు నమూనా 159 టోకెన్ల నుంచి 45కి దిగింది. తెలుగుకు అది నిజంగా పెద్ద మేలు. అయినా అక్షరం అక్షరంగా కనబడదు కాబట్టే, ఆటవెలది రాయమంటే గణాలు, యతి తప్పినా కుదిరాయని హామీ ఇచ్చేయగలదు.

ఓనరుకి కన్నడలో ఉత్తరం కావాలంటే చిన్న చిన్న వాక్యాలుగా చెప్పి రాయించండి. తర్వాత కొత్త చాట్ తెరిచి, ఆ కన్నడ ఒక్కటే ఇచ్చి తెలుగులోకి మార్పించండి. పాత చాట్‌లోనే అడిగితే మనం ముందు చెప్పిందే తిరిగి అప్పజెప్పి, తప్పును కప్పేయవచ్చు. ఖాళీ చేసే తేదీ, వెనక్కి రావాల్సిన డబ్బు, ఈ రెండూ అలాగే తిరిగొచ్చాయో లేదో చూసి, ఒకసారి పక్కింటి కన్నడవాళ్లతో చదివించి పంపండి.