గాజువాక గోడౌనులో పైథాన్ 3.6

ఈరోజంతా విశాఖ గాజువాకలోనే గడిచిపోయింది. పొద్దున్నే గోడౌను నుంచి ఫోన్. “ఏటి బాబూ, మీ కొత్త ప్రోగ్రాం తెరుచుకోవట్లేదు, లారీలు ఆగిపోయాయి” అన్నారు అక్కడి పెద్దాయన, గొంతులో టెన్షన్. ప్రోగ్రాం రాసిన మా కుర్రాణ్ణి బండి ఎక్కించుకుని మధురవాడ నుంచి బయల్దేరాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికే ఉక్కకి చొక్కాలు తడిసిపోయాయి.

మేము ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్. అక్కడి సర్వర్‌లో ఉన్నది దాని పాత వెర్షన్, 3.6. తూకం మిషన్ సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తోంది కాబట్టి దాన్ని కదపడానికి లేదు. కుర్రాడు ప్రోగ్రాం రాసిన లాప్‌టాప్‌లో ఉన్నది 3.12.

“ఎఫ్-స్ట్రింగ్స్ నడుస్తాయి కదన్నా, మరి ఇదెందుకు ఒప్పుకోదు?” అన్నాడు. ఎఫ్-స్ట్రింగ్స్ (వాక్యం మధ్యలో విలువల్ని నేరుగా ఇరికించే రాత) 3.6తోనే వచ్చాయి. వాడు వాడిన వాల్రస్ గుర్తు (:=, లెక్క మధ్యలోనే విలువకి పేరు పెట్టేది) 3.8తో, అంటే 2019లో వచ్చింది. పాత పైథాన్‌కి అది తెలియదు, ఆ కోలన్ దగ్గరే ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ (రాత తీరు తప్పు) అని ఆగిపోతుంది.

పాపం, వాడు జాగ్రత్తపడకపోలేదు. వెర్షన్ పాతదైతే మంచి మాటలో చెప్పి ఆగిపోయేలా ఫైలు మొదట్లోనే ఒక చెక్ పెట్టాడు. అది నడిస్తేగా! పైథాన్ ముందు ఫైలు మొత్తాన్నీ చదివి కంపైల్ చేసుకుంటుంది (తను నడపగలిగే రూపంలోకి మార్చుకుంటుంది), ఆ తర్వాతే మొదటి లైను నడుపుతుంది. కింద ఎక్కడో వాల్రస్ ఉంటే పైనున్న చెక్ దాకా పనే రాదు. చెక్‌ని పాత రాతలే ఉన్న చిన్న ఫైల్లో పెట్టి, అసలు ప్రోగ్రాంని అక్కణ్ణుంచి ఇంపోర్ట్ చేయించాం, అంటే చెక్ దాటాకే దాన్ని తెచ్చుకునేలా. ఇది అర్థమైనప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది.

నిజానికి సింటాక్స్ తప్పులంటే నాకు భయం లేదు. మొదట్లోనే అడ్డుపడతాయి, ఎవరి పనీ సగంలో చెడదు. పాత మిషన్ మీద కంపైల్‌ఆల్ (ఫైళ్లన్నిటినీ కంపైల్ చేసి చూసే పైథాన్ పనిముట్టు) నడిపితే ప్రోగ్రాం మొదలుపెట్టకుండానే అన్నీ బయటపడతాయి. భయమల్లా రెండో రకంతోనే, రాత బాగానే ఉండి ఆ లైను నడిచినప్పుడే పడిపోయేవాటితో. 3.9లో వచ్చిన రిమూవ్‌ప్రిఫిక్స్ (మాట ముందున్న ముక్కని తీసేసేది) చూడటానికి మామూలు మెథడ్ కాల్. కంపైల్‌ఆల్ దాన్ని పట్టుకోదు. ఆ లైను నడిచినప్పుడే ‘ఆట్రిబ్యూట్ ఎర్రర్’ (అలాంటి మెథడ్ లేదని) వస్తుంది. డిక్షనరీలని (పేరూ విలువా జతలుగా ఉండే పట్టికలని) నిలువు గీతతో కలపడమూ నడిచినప్పుడే పడుతుంది, అక్కడ వచ్చేది ‘టైప్ ఎర్రర్’. అదీ 3.9దే.

మధ్యాహ్నం అన్నీ సర్దుకున్నాయనుకుని లారీలు పంపించేశారు. సాయంత్రం వాపసు వచ్చిన సరుకు నమోదు చేస్తుంటే ప్రోగ్రాం పడిపోయింది. రిమూవ్‌ప్రిఫిక్స్ ఆ దారిలోనే ఉంది, పొద్దుట్నుంచి ఆ దారిలోకి ఎవరూ వెళ్లలేదు. మేము అక్కడే ఉన్నాం కాబట్టి సరిపోయింది. అర్ధరాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న గుమాస్తాకి ఇది ఎదురై ఉంటే?

కుర్రాడు దాని బదులు పాత పైథాన్‌లోనూ ఉన్న ఎల్‌స్ట్రిప్ పెడదామన్నాడు. ఒద్దన్నాను. అది ముందున్న మాటని తీసెయ్యదు, ఆ అక్షరాలు మొదట్లో ఏ వరసలో కనబడినా తినేస్తుంది. ‘ఎస్‌పీ-’ తియ్యమంటే ‘ఎస్‌పీ-పీఎస్12’ అనే లాట్ నంబరు కాస్తా ‘12’ అయిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. లెక్కలో మాత్రం వేరే సరుకు. మనం ఆగిపోయే ప్రోగ్రాంని తిట్టుకుంటాం గానీ, ఆగకుండా తప్పు రాసేదాన్ని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. స్టార్ట్స్‌విత్‌తో ఆ ముక్క మొదట్లో ఉందేమో చూసి, ఉంటే ఆ పొడవు మేరకు కోసెయ్యమన్నాను. పాత పద్ధతే, కానీ ఏ వెర్షన్‌లోనైనా నడుస్తుంది.

మనం కొత్త వెర్షన్‌లో హాయిగా రాసుకుంటాం. నడిపేది మాత్రం ఆ పెద్దాయన లాంటివాళ్లు. వాళ్ల మిషన్‌లో ఏముందో అడిగి తెలుసుకున్నాకే మొదటి లైను రాయాలని కుర్రాడితో గట్టిగానే చెప్పాను. “రేపు 3.6 డాకర్ పెట్టి టెస్టులన్నీ అందులోనే నడుపుతానన్నా” అన్నాడు. డాకర్ అంటే లాప్‌టాప్‌లోనే పాత పైథాన్‌ని విడిగా నడిపే పెట్టె లాంటిది. వాపసు సరుకుకీ, రద్దైన బిల్లులకీ ఇంతవరకు టెస్టులే లేవు. ముందు అవి రాయమన్నాను.