చలికాలంలో చలి

పొద్దున్నే టీవీ పెడితే ‘గజగజ వణుకుతున్న విశాఖ’ అని ఎర్రక్షరాలు. కింద చూస్తే కనిష్ఠం 18 డిగ్రీలు. జనవరిలో మన ఊరికి అది మామూలే కదండీ! పక్కనే సముద్రం, అందుకే రాత్రిళ్లు మరీ చల్లబడవు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం తీరంలో శీతల గాలులు అనాలంటే కనిష్ఠం 15కి దిగాలి, పైగా సాధారణం కంటే 4.5 డిగ్రీలు తగ్గాలి.

నా బాధల్లా ఒకటే. అసలు చలి ఘాట్ పైన ఉంది. చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు పొద్దెక్కినా మంచు విడవదు. చీకట్లోనే సంతకి దిగిన ఆడవాళ్లు గంపలు పక్కన పెట్టి, చితుకులు ముట్టించి చేతులు కాచుకుంటుంటారు. భుజాన పల్చటి తువ్వాలు, అంతే. అక్కడి హాస్టల్ పిల్లలకి రెండో దుప్పటి అందిందా, స్నానానికి వేడినీళ్లున్నాయా? ఆ మాట అడిగిన మైకు నాకైతే కనపడలేదు. మనమూ అంతే, మంచులో సెల్ఫీ దిగి కొండ దిగిపోతాం.

మా ఆఫీసులో కొందరం స్వెట్టర్లు పోగేస్తున్నాం. ఉతికి, బొత్తాలు సరిచూసి ఇవ్వండి. పిల్లల సైజులు ముందు కావాలి.