సాలూరు ఘాట్ ఎక్కే ఫియట్ కార్లు: యజమానుల అనుభవం ఏం చెబుతోంది

ఒడిశాలోని జయపురంలోగాని, కొరాపుట్‌లోగాని, సునాబెడలోగాని పాత ఫియట్ పుంటో కొనాలనుకుంటున్నామని నలుగురిలో చెబితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఆ కారు ఎన్నడూ నడపనివారు వెంటనే వద్దంటారు. కొన్నేళ్లు నడిపినవారు మాత్రం వద్దని గాని, కొనమని గాని చెప్పకుండా, ముందుగా మీ మెకానిక్ ఎవరని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగేవారి పక్షానే నేనున్నాను. సామాన్యులు కొనగలిగిన ఇటలీ కార్ల మీద మన దేశంలో పడిన ముద్రలో కారు చెడిపోవడం, చెడిన కారు బాగుపడక నిలిచిపోవడం అనే రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూస్తే తప్ప ఆ కార్లకు న్యాయం జరగదు, కొనబోయేవారికీ మేలు జరగదు.

మా ప్రాంతపు పెద్దలకు ఫియట్ అంటే ఇప్పటికీ ప్రీమియర్ పద్మినియే. ఇటలీలోని టూరిన్ నగరంలో 1899లో పుట్టిన ఫియట్ సంస్థ తయారుచేసిన 1100 మోడలును బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇక్కడ తయారుచేశారు. అదే బండికి 1974లో పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజను, కార్బ్యురేటరు, స్టీరింగ్ పక్కన ఉండే గేరు కడ్డీ, ఇంతే ఆ బండి. లేత్ మిషన్ ఉన్న ఏ షెడ్డులోనైనా దానికి వైద్యం జరిగేది. ముంబైలో టాక్సీగా రిజిస్టరైన చివరి పద్మిని 2003 నాటిది. ఇరవై ఏళ్ల వయోపరిమితి తీరి 2023 అక్టోబరు చివరిలో అది రోడ్డు దిగేదాకా టాక్సీవాళ్లు వాటితోనే బతుకు వెళ్లదీశారు. రోజంతా తిరిగితేనే ఇల్లు గడిచే మనిషి మాటిమాటికీ మొరాయించే బండిని అన్ని దశాబ్దాలు అట్టిపెట్టుకోడు. ఇటలీ బండి ఎక్కువ కాలం మన్నదని తేలికగా అనేసేవారు ఈ సంగతిని పక్కన పెట్టేస్తున్నారని నాకనిపిస్తుంది.

ఆ తరువాత కథ మారింది. 1996లో ఊనో, 1999లో సియెనా, 2001లో పాలియో వచ్చాయి. ఊనోను జనం ఎగబడి బుక్ చేసుకున్నారు, కాని కుర్లా కర్మాగారంలో కార్మిక వివాదాల వల్ల బండ్లు సకాలంలో చేతికి అందలేదు. పాలియో దృఢమైన కారే అయినా, పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరు తెచ్చుకుంది. నా దృష్టిలో ఆ కాలపు కార్ల అసలు లోపం ఇంజనులో లేదు. అమ్మిన ఊళ్లో సర్వీసు లేకపోవడంలో ఉంది. మహానగరాల్లోనే ఇబ్బంది పడినవారు ఉండగా, విశాఖ నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి, కొండల మీద ఉన్న జయపురంలో పాలియో కొన్నవారి సంగతి ఊహించుకోవచ్చు.

ఇక ఇప్పటికీ మా రోడ్ల మీద కనిపించే పుంటో, లీనియాల దగ్గరికి వస్తాను. పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో టాటా, ఫియట్ ఉమ్మడిగా నడిపిన కర్మాగారం నుంచి 2009 ఆరంభంలో లీనియా, అదే ఏడాది మధ్యలో గ్రాండే పుంటో బయటికి వచ్చాయి. రెండింటి డీజిల్ బండ్లలోనూ ఉన్నది 1248 సీసీ మల్టీజెట్ ఇంజను. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించిన ఈ ఇంజను 2003లో పోలండులో తయారీకి వచ్చింది, 2005లో తన తరగతిలో అంతర్జాతీయ ఉత్తమ ఇంజనుగా ఎంపికైంది. మన దేశంలో దీనిని ఫియట్ కంటే ఎక్కువగా అమ్మింది మారుతి. 2007లో డీజిల్ స్విఫ్ట్‌తో మొదలుపెట్టి డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా వరకు అదే ఇంజను సాగింది. టాటా వారి విస్టా, మాంజా, జెస్ట్‌లలోనూ ఇదే ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చేవరకు ఈ దేశపు చిన్న డీజిల్ కారుకు ఇదే గుండెకాయ.

నా వాదనకు బలమంతా ఇక్కడే ఉంది. స్విఫ్ట్ డీజిల్ యజమానిని అడిగితే తన కారంత నమ్మకమైన కారు లేదంటాడు. పార్వతీపురం నుంచి నవరంగపూర్ దాకా అద్దె కార్లు నడుపుకునేవారు డిజైర్‌ను కళ్లు మూసుకుని కొంటారు. అదే ఇంజనును అదే తయారీదారు రూపకల్పనతో పుంటోలో పెడితే మాత్రం ఇటలీ బండి అని భయపడతారు. ఇంజను ఒకటే అయినప్పుడు పేరు ఇంతగా మారిందంటే, ఆ తేడా ఇంజను బయట ఎక్కడో ఉండి తీరాలి. మారుతికి చిన్న పట్టణంలోనూ వర్క్‌షాపు ఉంది, ఫిల్టరు నుంచి బంపరు దాకా ఏదైనా రెండు మూడు రోజుల్లో వస్తుంది, ఏ వీధి మెకానిక్కుకైనా చేయి తిరిగి ఉంటుంది. ఫియట్‌కు ఈ మూడూ తక్కువయ్యాయి. దానికి తోడు, టాటా షోరూముల్లోనే అమ్ముడవుతూ వచ్చిన కార్లను 2012లో తీసుకున్న నిర్ణయం తరువాత ఫియట్ విడిగా అమ్మసాగింది. పెద్ద నగరాలవారికి దాంతో కొత్త షోరూము దొరికింది, మాలాంటివారికి అంతవరకు తెలిసిన గుమ్మం దూరమైంది. 2019తో ఫియట్ పేరుమీద కార్ల అమ్మకమే ఆగిపోయింది.

అలాగని తప్పంతా సర్వీసుదేనని, కారులో లోపమే లేదని అనడం అభిమానుల మాట అవుతుంది. యజమానులు తరచుగా చెప్పే ఇబ్బందులు నాలుగైదు ఉన్నాయి, వాటిలో మా ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైనది క్లచ్.

సాలూరు దాటి పొట్టంగి వైపు ఘాట్ ఎక్కినవారికి ఈ విషయం వివరించనక్కరలేదు. మలుపు మలుపుకూ లారీ ఎదురవుతుంది. ఎక్కుడులో ఆగి మళ్లీ కదలాల్సి వస్తుంది. మల్టీజెట్ ఇంజను, దానిలోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఊపిరి అందుకునే వరకు, అంటే నిమిషానికి సుమారు రెండు వేల చుట్ల (ఆర్‌పీఎం) లోపల, బలంగా లాగదు. పుంటో కారు స్విఫ్ట్ కంటే బరువైనది. బరువైన కారు, కింద స్థాయిలో మందంగా ఉండే ఇంజను, ఏటవాలు దారి, ఈ మూడూ కలిసినప్పుడు డ్రైవరు తెలియకుండానే పాదాన్ని క్లచ్ పెడల్ మీద సగంలో ఉంచి బండిని నెట్టుకొస్తాడు. ప్లేటు అక్కడే అరిగిపోతుంది. మైదానంలో నడిచే అదే పుంటోకు క్లచ్ చాలాకాలం వస్తుందని, కొండదారిలో నడిచేదానికి తొందరగా పోతుందని యజమానులు చెప్పేదాంట్లో వింతేమీ లేదు. మొదటి గేరులో కాస్త ఎక్కువ రేజింగ్ ఇచ్చి, క్లచ్ పూర్తిగా వదిలి, బండి ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు మీద నిలిపి, మళ్లీ కదలడం అలవాటు చేసుకున్నవారి బండ్లకు ఆ పార్టు మీద ఖర్చు తక్కువ. సునాబెడలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఘాట్ మీదుగా తరచుగా విజయనగరం వెళ్లివచ్చేవారు తమ పిల్లలకు మొదట నేర్పేది ఇదే. అది గొప్ప పద్ధతి, ఏ కారుకైనా పనికొస్తుంది.

రెండో ఇబ్బంది సస్పెన్షన్ బుష్‌లు, అంటే చక్రాల కీళ్ల దగ్గర అదురును మింగే రబ్బరు ముక్కలు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఫియట్ సస్పెన్షన్ అంత గట్టిది ఆ ధరలో మరొకటి లేదని దాదాపు ప్రతి యజమానీ ఒప్పుకుంటాడు. గుంతల్లో కారు కుదురుగా సాగిపోతుంది, మలుపులో ఒరగదు, హైడ్రాలిక్ స్టీరింగ్ వల్ల చక్రం ఎటు తిరుగుతోందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే గుంత వచ్చినా ఎవరూ వేగం తగ్గించరు. ఆ దెబ్బలన్నీ లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు తింటాయి. వర్షాకాలం తరువాత కొరాపుట్ జిల్లా రోడ్లు ఎలా ఉంటాయో చూసినవారు, బుష్‌లు మార్చడాన్ని రోగంగా కాక టైర్లు మార్చినంత మామూలు పనిగా తీసుకోవడం మంచిది.

అద్దాల స్విచ్చులు, తలుపు తాళాలు, పాటల పెట్టె వంటి చిన్న విద్యుత్ పనులు కూడా ఇబ్బంది పెడతాయి. ఇవి కారును రోడ్డు మీద ఆపవు కాబట్టి వాటి మీద ఎక్కువ రాయను.

ఇంజను విషయంలో మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పాలి. మల్టీజెట్‌లో ఇంజను వాల్వులను సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు లేదు, దాని బదులు చైను ఉంది. చైనే కాబట్టి ఎప్పటికీ మార్చనక్కరలేదని అమ్మేవారు అంటుంటారు. ఆ చైను బిగువు, టర్బో ప్రాణం రెండూ ఇంజన్ ఆయిల్ మీదే ఆధారపడ్డాయి, ఆ ఆయిల్ మొత్తం మూడు లీటర్ల చుట్టూ మాత్రమే పడుతుంది. అంత తక్కువ ఆయిల్‌తో పనిచేసే టర్బో డీజిల్ ఇంజనుకు ఆయిల్ మార్పు వాయిదా వేస్తే చైను సాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి గలగల శబ్దం వస్తుంది. జయపురంలో నాకు తెలిసిన మెకానిక్ ఒకరు, లారీలకు పేరుపడ్డ సాలూరులో పని నేర్చుకున్న మనిషి, ఈ ఇంజను చెడిపోయి తన షెడ్డుకు వస్తే అది ఏ కంపెనీ బండి అని చూడనని, ఆయిల్ బిల్లులు ఎక్కడని అడుగుతానని అంటారు. స్విఫ్ట్ అయినా, పుంటో అయినా కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుందని ఆయన అనుభవం. ఆయన మాట నేను నమ్ముతాను, ఎందుకంటే ఈ ఇంజను నిర్మాణమే ఆ మాటను బలపరుస్తోంది.

ఇప్పుడు ఎదురుచూపుల సంగతి. రిటైరైన ఒక మాస్టారు కొరాపుట్‌లో మా బంధువుల ఇంటి పక్కనే ఉంటారు, పుంటో డీజిల్ యజమాని. ఆయన కారు ఇంజను గురించి ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. ఒక రోజు సంతలో ఎవరిదో మోటారు సైకిలు తగిలి ముందు దీపం అద్దం పగిలింది. తీర ప్రాంతంలోని ఒక వర్క్‌షాపు వారు ఆర్డరు తీసుకున్నారు, తరువాత వారానికొక తేదీ చెబుతూ పోయారు. ఫోను చేసిన ప్రతిసారీ మాస్టారు ఎంతో మర్యాదగా బాబూ, ఇంకా ఎన్ని రోజులు అని అడగడం, అవతల కొత్త గొంతు కొత్త తేదీ చెప్పడం నేను స్వయంగా విన్నాను. చివరికి ఆయన కుమారుడు హైదరాబాదులో ఒక పాత సామాన్ల దుకాణంలో దీపం వెతికి, బస్సులో పార్సెల్ వేసి పంపాడు. ఇన్నాళ్లూ రాత్రిపూట నడపలేక, కారు ఇంటి ముందే ఉండిపోయింది. వీధిలోని వారు మాత్రం, ఇటలీ కారు కదా, చెడిపోయింది కాబోలు అనుకున్నారు. చెడింది కారు కాదు. ఈ తేడా ఎవరికీ కనిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అందుకే ఏ భాగం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడమే ఇటలీ కారు యజమానికి ముఖ్యమైన విద్య అంటాను. ఇంజను లోపలి భాగాల్లో చాలావాటికి ఇబ్బంది లేదు, ఎందుకంటే లక్షల మారుతి, టాటా బండ్లలో ఇదే ఇంజను తిరుగుతోంది. అయినా పార్టు నంబరు సరిచూసుకోకుండా కొనకూడదు, 75 అశ్వశక్తి ఇంజనుకూ 90 అశ్వశక్తి ఇంజనుకూ టర్బో వేరు. కష్టమంతా పుంటోకు మాత్రమే చెందిన వాటితోనే: దీపాలు, బంపర్లు, అద్దాలు, తలుపు పిడులు, లోపలి ప్లాస్టిక్కు ముక్కలు. ఏ భాగం పగిలితే దొరకదో ముందే తెలిసిన యజమాని, ఎవరైనా పాత పుంటో విడదీస్తుంటే ఒక దీపం, ఒక పక్క అద్దం కొని అటక మీద పెట్టుకుంటాడు. ధాన్యం గాదెలో దాచుకున్నట్టు ఇలా దాచుకున్నవారికి ఈ కారుతో కష్టం చాలా తగ్గుతుంది.

పెట్రోలు బండ్ల గురించి నా అభిప్రాయం కొంచెం కఠినమైనది. 1.2 లీటర్ల ఫైర్ ఇంజను 1985 నుంచి ఫియట్ నడిపిస్తూ వచ్చిన పాత, నమ్మకమైన కుటుంబానికి చెందింది. కాని 68 అశ్వశక్తితో అంత బరువైన కారును ఘాట్ ఎక్కించడం దానికి భారమే. పైగా దానికి ఉన్నది టైమింగ్ బెల్టు, దాన్ని నిర్ణీత కాలానికి మార్చి తీరాలి. ఊళ్లో తిరగడానికి, బరంపురంలాంటి సమతల పట్టణంలో ఉండేవారికి అది చక్కని కారు. జయపురం, లక్ష్మీపూర్ దారుల్లో రోజూ తిరిగేవారికి నేను దాన్ని సూచించను. లీనియా టీ జెట్ మాత్రం టర్బో ఉన్న 114 అశ్వశక్తి పెట్రోలు కారు; నడిపినవారు మరచిపోరు, కాని దాని ప్రత్యేక భాగాలు మన వైపు అసలు కనిపించవు.

పాత పుంటో డీజిల్ కొనదలచినవారు మధ్యాహ్నం కాక పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మొదటి నిమిషంలో చైను శబ్దం వినాలి. తరువాత కారును ఏదైనా ఎక్కుడులో పూర్తిగా ఆపి, మొదటి గేరులో కదిలించాలి. ఇంజను అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. గుంతల దారిలో కిటికీలు దించి నడిపితే బుష్‌ల దడదడ వినిపిస్తుంది. 2009, 2010 నాటి బండ్లకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషను గడువు ఇప్పటికే తీరింది కాబట్టి, ఓడీ 10 నంబరు బండి అయితే కొరాపుట్‌లో రెన్యూవల్ జరిగిందో లేదో, ఆంధ్రా నంబరు బండి అయితే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉందో లేదో కాగితాలు చూసుకోవాలి. అన్నిటికంటే ముందు ఆయిల్ మార్పించిన బిల్లులు అడగాలి. అవి చూపించలేని వ్యక్తి దగ్గర ఎంత తక్కువ ధరకు వచ్చినా ఈ ఇంజను ఉన్న ఏ బండీ, స్విఫ్ట్ అయినా సరే, కొనవద్దు.