కిబేరా పట్టాల వెంట: సినిమాలు చూపించని నైరోబీ

కెన్యా రాజధాని నైరోబీలో కాలు పెట్టకముందు ఆ ఊరి గురించి నాకు తెలిసిందంతా సినిమాల పుణ్యమే. పేదరికం, విదేశీ సాయం, అభివృద్ధి అనే పెద్ద మాటలకు చాలామంది మనసులో ఉండే బొమ్మ తెర మీంచే వచ్చింది. ఐక్యరాజ్యసమితి నివేదికలు ఎంతమంది చదువుతారు? హాలీవుడ్ సినిమా కోట్లమంది చూస్తారు. ఓటు వేసేవాళ్లు, విరాళం ఇచ్చేవాళ్లు, రేపు అక్కడికి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు కూడా ముందు చూసేది ఆ సినిమానే. అందుకే ఈ ప్రయాణంలో జంతువుల పార్కులు పక్కనపెట్టి, సినిమాల్లోకి ఎక్కిన చోట్లు వెతుక్కుంటూ తిరిగాను.

మొదట రైల్వే మ్యూజియం. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా బ్రిటిష్ వాళ్లు 1896లో మొదలుపెట్టి 1901లో పూర్తిచేసిన రైలు మార్గం కథంతా అక్కడ ఉంది. ఆ కాలానికి అది ఆ ప్రాంతంలో అతి పెద్ద ‘అభివృద్ధి’ పథకం. దాదాపు 32 వేలమంది కూలీలను భారతదేశం నుంచి ఓడల్లో తీసుకెళ్లారు. సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. సందర్శకులు మాత్రం ఎక్కువసేపు ఆగేది ఒక పాత రైలు పెట్టె దగ్గర. 1900లో కిమా స్టేషన్‌లో రయల్ అనే పోలీసు అధికారిని సింహం లాక్కుపోయింది అందులోంచే.

సింహాలంటే జనానికి గుర్తొచ్చేది 1996 నాటి ‘ది ఘోస్ట్ అండ్ ది డార్క్‌నెస్’. ఈ రైలు మార్గంలోనే, సావో నది వంతెన దగ్గర కూలీలను చంపిన రెండు సింహాల కథ. నిజ జీవితంలో వాటిని కాల్చింది ప్యాటర్సన్ అనే ఇంజనీరు. ఒక్క తెల్లదొర సరిపోడనుకున్నారేమో, సినిమావాళ్లు చరిత్రలో లేని అమెరికన్ వేటగాణ్ని కూడా పుట్టించారు. చనిపోయిన కూలీల వైపు నుంచి మాట్లాడే పాత్ర ఓం పురిది. ఆయన ఎంత బాగా నటించినా ఆ పాత్ర హీరోల పక్కన నిలబడి గొడవపడటానికే పరిమితం. ఆ పెట్టె ముందు నిలబడినప్పుడు నాకు నిజంగా బాధేసింది. కూలీల పేర్లు తెలిపే గోడ ఒకటి ఉంటుందేమోనని చుట్టూ చూశాను. నాకు కనిపించలేదు.

డెన్మార్క్ రచయిత్రి కరెన్ బ్లిక్సెన్ మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. ఎంగాంగ్ కొండల కింద, పచ్చటి తోటలో, చక్కగా కాపాడుకున్న ఇల్లు. ఆవిడ 1917 నుంచి 1931 దాకా అక్కడ ఉండి కాఫీ పండించింది. ఆవిడ జ్ఞాపకాల మీద తీసిన ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ సినిమా 1985లో వచ్చి ఏడు ఆస్కార్లు గెలుచుకుంది, మరుసటి ఏడే ఈ ఇల్లు మ్యూజియం అయింది. లోపల సినిమా కోసం వాడిన సామాన్లు కూడా పెట్టారు. అసలు వస్తువేదో సినిమా వస్తువేదో గైడ్ చెబితే తప్ప తెలీదు. ఆ తోటలో పనిచేసిన స్థానిక కికుయు తెగ కుటుంబాల భూమి సంగతి సినిమాలో చివర్లో కాసేపు వస్తుంది, ఆవిడ వాళ్ల తరఫున గవర్నరును బతిమాలే దృశ్యంలో. వాళ్ల భూమి కథ కూడా ఆవిడ మంచితనం కథగానే మనకు చేరుతుంది.

ఇక కిబేరా, నైరోబీలోని పెద్ద మురికివాడ. నా ప్రయాణమంతా దీని కోసమే.

ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన ఓ కుర్రాడు నాకు దారి చూపించాడు. డిగ్రీ చదివాడు, వీడియో ఎడిటింగ్ చేస్తాడు. బయల్దేరే ముందే ఒక మాట అన్నాడు: “మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయకండి. తీసి వెళ్లిపోయినవాళ్లను మేం చాలామందిని చూశాం.” ఫోను జేబులో పెట్టేశాను, సాయంత్రం దాకా తీయలేదు.

రైలు పట్టాలే అక్కడ పెద్ద వీధి. పట్టాల మధ్యనే జనం నడుస్తారు, రైలు కూత వినిపిస్తే తీరిగ్గా పక్కకు జరుగుతారు. రెండు వైపులా రేకుల దుకాణాలు, ఫోన్ రీచార్జి కొట్లు, మంగలి షాపులు, పాత చెప్పుల గుట్టలు. పిల్లలు “హౌ ఆర్ యూ, హౌ ఆర్ యూ” అని పాటలా అరుస్తూ వెంటపడ్డారు. 2005లో వచ్చిన ‘ది కాన్‌స్టంట్ గార్డెనర్’లో మనకు కనిపించేది ఈ కిబేరానే. సెట్టింగు వేయకుండా నిజంగా ఇక్కడికొచ్చి తీశారు. దర్శకుడు ఫెర్నాండో మెయిరెలెస్ బ్రెజిల్ నుంచి వచ్చినవాడు, రియో మురికివాడల మీద అంతకుముందే ‘సిటీ ఆఫ్ గాడ్’ తీసినవాడు. ఆ అనుభవం కెమెరా పనితనంలో కనిపిస్తుంది.

ఆ సినిమా అంటే నాకు గౌరవం ఉంది. పేదల మీద మందుల కంపెనీలు చేసే ప్రయోగాల గురించి మామూలు ప్రేక్షకుడు సినిమా హాల్లో కూర్చుని కోపం తెచ్చుకునేలా చేసింది. చిత్రబృందం షూటింగ్ జరిగిన ఊళ్ల పిల్లల చదువు కోసం ఒక ట్రస్టు కూడా పెట్టింది. అందులో ఒక దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక కుర్రాడు పసిబిడ్డతో నలభై కిలోమీటర్లు నడిచి ఇంటికి పోతుంటే, కారు ఆపి ఎక్కించుకుందామంటుంది కథానాయిక టెస్సా. సాయం కావాల్సినవాళ్లు లక్షల్లో ఉన్నారంటాడు భర్త. మనం సాయం చేయగలిగినవాళ్లు ఇక్కడే ఉన్నారంటుంది ఆమె. భార్య పోయాక, సినిమా చివర్లో, ఓ చిన్నపిల్లను విమానంలో ఎక్కించుకోమని అదే మాట అతను బతిమాలతాడు. పైలట్ ఒప్పుకోడు. ఆ పిల్ల దిగి పరిగెత్తి వెళ్లిపోతుంది. సాయం అనేదానిలో ఉండే చిక్కునంతా అంత తక్కువ మాటల్లో పట్టుకున్న సన్నివేశాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

అయినా పట్టాల మీద నడుస్తుంటే ఆ సినిమాలో లేనివి వరసగా ఎదురయ్యాయి. వాటిలో మొదటిది అద్దె.

స్కూలు యూనిఫారాలు కుట్టే ఒకావిడ కొట్లో కాసేపు కూర్చున్నాం. మట్టి గోడలు, రేకు కప్పు, పన్నెండడుగుల గది, అందులోనే కాలితో తొక్కే రెండు కుట్టుమిషన్లు. సినిమా వాళ్లు వచ్చిన రోజులు ఆవిడకు గుర్తున్నాయి. రోజూ నడిచినట్టే నడవమన్నారట, కెమెరా వైపు చూడొద్దన్నారట. మేం మాట్లాడుతుండగానే ఫోను తీసి ఎంపెసాలో నెల అద్దె పంపేసింది. 2007లో మొదలైన ఈ ఫోను డబ్బు అక్కడ గాలీ నీరూ అంత మామూలు. అద్దె ఎవరికి అని అడిగాను. “స్ట్రక్చర్ ఓనర్‌కి” అంది. నేల ఎవరిదంటే నవ్వి మా కుర్రాడి వైపు చూసింది.

నేల సర్కారుది. మొదట బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన నూబియన్ (సూడాన్ వైపు నుంచి వచ్చిన) సిపాయిలకు ఈ అడవి చూపించి ఉండమన్నారు. ‘కిబ్రా’ అంటే వాళ్ల భాషలో అడవే. నేల మీద హక్కు పత్రాలు మాత్రం ఇవ్వలేదు. 2017లో వాళ్ల వారసులకు 288 ఎకరాలకు ఉమ్మడి పట్టా దక్కింది. మిగతా కిబేరాలో ఎక్కువమంది అద్దెకున్నవాళ్లే. రేకుల గది కట్టి అద్దెకిచ్చే ఆ స్ట్రక్చర్ ఓనర్‌కు కూడా నేల మీద హక్కు లేదు. పైసా పైసా కూడబెట్టి ఇల్లు బాగుచేసుకుంటే రేపు ఎవరికి చెందుతుందో తెలియనప్పుడు ఎవరు బాగుచేస్తారు? 2018 జులైలో రోడ్డు కోసం బుల్డోజర్లు వచ్చి దాదాపు 30 వేలమందిని రోడ్డున పడేశాయి. ఆ రోడ్డు మీద కూడా నడిచాం. నున్నగా, వెడల్పుగా ఉంది. ఇక్కడ ఒక బడి ఉండేదని మా కుర్రాడు ఆగి చూపించాడు.

మురికివాడ అనగానే సినిమా ముందు పైనుంచి రేకుల సముద్రాన్ని చూపిస్తుంది. తర్వాత మురుగుకాలవ, దాని పక్కన ఒక పిల్లాడి కళ్లు. ఆ పేదరికం వానలా ఆకాశం నుంచి పడ్డట్టుంటుంది, దానికి కారకులెవరూ కనపడరు. కిబేరాలో పది లక్షలమంది ఉంటారని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2009 జనాభా లెక్కల్లో తేలింది 1,70,070 మంది. అంకె పెద్దదైతే జాలి పెరుగుతుంది, విరాళం పెరుగుతుంది. కానీ నీటి పైపు ఎక్కడ వేయాలో, మరుగుదొడ్లు ఎన్ని కావాలో అలాంటి అంకెతో తేలదు. అదే 2009లో అక్కడి యువకులు జీపీఎస్ పట్టుకుని సందు సందూ తిరిగి ‘మ్యాప్ కిబేరా’ తయారుచేశారు. అప్పటిదాకా జనం చూసే మ్యాపుల్లో అది ఖాళీ జాగా.

తలెత్తితే స్తంభాల మీదుగా నీటి పైపులు పోతుంటాయి. నేలలో వేస్తే మురుగు కలుస్తుంది, దొంగ కనెక్షన్లు పడతాయి, అందుకని గాల్లో వేశారు. ఆ పని చేసిన షోఫ్‌కో సంస్థను 2004లో పెట్టింది కెన్నెడీ ఒడెడే, కిబేరాలోనే పెరిగినవాడు. పసుపుపచ్చ డబ్బాలతో ఆడవాళ్లు వరసలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. బయటినుంచి వచ్చిన మంచివాడు ఆదుకునేదాకా ఎదురుచూసే మనుషులు నాకక్కడ కనపడలేదు.

ఈ కథల్ని పట్టుకున్న సినిమాలు లేకపోలేదు. హవా ఎసుమాన్ తీసిన ‘సోల్ బాయ్’ 2010లో వచ్చింది, కిబేరాలోనే తీసింది. తండ్రి ఆత్మను ఒక మాయావి ఎత్తుకుపోతే పద్నాలుగేళ్ల కొడుకు ఏడు పనులు పూర్తిచేసి తిరిగి తేవాలి. అందులో కూడా రేకులే, మురుగే, కానీ పిల్లాడు హీరో. 2012 నాటి ‘నైరోబీ హాఫ్ లైఫ్’లో పల్లెలో డీవీడీలు అమ్ముకునే కుర్రాడు నటుడవుదామని నగరానికొస్తాడు. కెన్యా నుంచి ఆస్కార్‌కు పంపిన మొదటి సినిమా అదే. ఈ రెండింటి వెనకా జర్మన్ దర్శకుడు టామ్ టిక్వర్ సాయం ఉంది. విదేశీ సాయం సినిమాలోనూ ఉండొచ్చు, కథ చెప్పే పని అక్కడివాళ్లకే వదిలేస్తే చాలు.

మా కుర్రాడి దగ్గర కూడా ఒక స్క్రిప్టు ఉంది. ఇల్లు కూలిపోయిన ఒక అమ్మాయి, చేతిలో పాత అద్దె రసీదులు పట్టుకుని, నష్టపరిహారం ఎవరిస్తారో కనుక్కోవడానికి ఒక్కో తలుపూ తడుతుంది. విలన్ ఎవరన్నాను. అక్కడే చిక్కంతా అన్నాడు. స్ట్రక్చర్ ఓనర్ దగ్గర ఉన్నది ఎప్పుడో చీఫ్ (ఆ ప్రాంతపు సర్కారు అధికారి) ఇచ్చిన అనుమతి కాగితం, చీఫ్‌కు పైనుంచి ఆర్డరు, పైన ఎవరో అమ్మాయికి తెలీదు. నిర్మాతలు వినగానే ఒక చెడ్డవాణ్ని పెట్టమంటున్నారట. అతను ఒప్పుకోవడం లేదు. మార్చి నుంచి మే దాకా వానలు కదా, అప్పుడే షూటింగ్ పెట్టుకున్నాడు. కప్పు కారేదీ, ఓనర్‌తో తగువులయ్యేదీ ఆ నెలల్లోనే కాబట్టి కథ ఆ వానలోనే జరగాలంటాడు. కెమెరాకు ప్లాస్టిక్ గొడుగు కుట్టించడానికి మేం కూర్చున్న కొట్లోనే ఆవిడకు కొలతలు ఇచ్చాడు.