ఎండాకాలంలో మెథ్ మత్తు

మెథాంఫెటమిన్ (మెథ్) అనే మత్తుమందు పేరెత్తగానే మా నల్లగొండలో పోలీసు కేసుల మాటే తప్ప, అది ఒంటిని ఏం చేస్తుందన్న సంగతి ఎవరూ ఎత్తకపోవడం నన్ను కలచివేస్తోంది. మెదడులో హాయిని కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని పొంగించి, గంటల తరబడి ఆకలిని, నిద్రను చంపే ఈ మత్తుమందు ఒంటి వేడిని కూడా పెంచుతుంది కాబట్టి, 44 డిగ్రీల ఎండలో అది ప్రాణాంతకం కావచ్చు. ఒళ్లు కాలిపోతూ, ఛాతీ నొప్పితో, మాట తడబడుతున్న మనిషిని నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏం వాడాడో వైద్యులకు దాచకూడదు. ఈ మత్తు వల్ల నిద్రలేక, గోడ అవతల ఎవరో తన గురించే గుసగుసలాడుతున్నారని వణికిపోయేవారిని చూసి గాలి సోకిందనుకుని తాయెత్తులు కట్టించడం కాలయాపనే. ఇంకా మానలేనివారు మద్యంతో కలపకూడదు, ఇతరుల సూదులు వాడకూడదు. మానాలనుకునేవారు మత్తు మానడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, వారి ఇంటివాళ్లూ చేయవచ్చు.