క్వెటికోకి పడవలో వెళ్దామనుకుని రోడ్డెక్కాం: నా అనుభవం

మా పెదనాన్నగారి అబ్బాయి ఇరవై ఏళ్లుగా అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో ఉంటున్నాడు. ఎండాకాలం వచ్చిందంటే కారు మీద కెనూ పడవ కట్టుకుని బౌండరీ వాటర్స్‌కి పోవాల్సిందే. 2023 సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు, "జులైలో క్వెటికో పోదాం, నువ్వూ రారా" అన్నాడు. తెడ్డు పట్టుకోవడం రాదు గానీ ఈత వచ్చు కదా అని ఊఁ అన్నాను.

మినెసోటా ఉత్తరపు అంచున పది లక్షల ఎకరాలకు పైగా ఉన్న అడవీ సరస్సులే బౌండరీ వాటర్స్. దాన్ని ఆనుకుని కెనడా వైపు, ఒంటారియోలో, క్వెటికో ప్రొవిన్షియల్ పార్కు ఉంది. 1913 నుంచీ పార్కే. సరిహద్దు ఈ రెండింటి మధ్య నీళ్ల మీదుగా పోతుంది. కంచె లేదు, గేటు లేదు. మా అన్నయ్య ప్లానేమిటంటే, ఈలీ ఊరి దగ్గర మూస్ లేక్‌లో పడవ దింపి, న్యూఫౌండ్, సకర్ సరస్సులు దాటి, ప్రెయిరీ పోర్టేజ్ దగ్గర కెనడాలో అడుగు పెట్టడం. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి విదేశంలో ఉంటాం.

నాకిదేమంత వింతగా అనిపించలేదు. మాది కోనసీమ. వంతెన రాకముందు ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే యానాం, అంటే పుదుచ్చేరి. మా మావయ్య అక్కడికి ఎందుకు వెళ్లేవాడో అందరికీ తెలుసు, ఎవరూ ఏ కాగితమూ అడిగేవారు కాదు. బహుశా ఆ ధీమాతోనే నేను ఒక్క రూలు కూడా చదవకుండా డబ్బు కట్టేశాను.

క్వెటికో పర్మిట్ ఏ రోజు, ఏ ఎంట్రీ పాయింట్ నుంచి లోపలికి వెళ్తామో దాని మీద ఇస్తారు. ఐదు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. ఫిబ్రవరిలో పొద్దున్నే లాగిన్ అయి, జులైకి ప్రెయిరీ పోర్టేజ్ పట్టేశాను. ఐఆర్‌సీటీసీలో తత్కాల్ కొట్టి పెరిగిన చెయ్యి కదా, నిమిషంలో అయిపోయింది. "పర్మిట్ వచ్చేసింది" అని ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను.

వచ్చింది పార్కులో పడుకోవడానికి పర్మిట్. దేశంలోకి రావడానికి కాదు.

మారుమూల నీటి దారుల్లో కెనడాలోకి రావాలంటే అప్పట్లో రిమోట్ ఏరియా బోర్డర్ క్రాసింగ్ పర్మిట్ ఉండాలి. అందరూ ఆర్‌ఏబీసీ అంటారు. ఫీజు 30 కెనడా డాలర్లు. ఇది ఉంటే ఇమిగ్రేషన్ ఆఫీసు దాకా పోకుండా నేరుగా పడవలో దాటే వీలుండేది. మార్చిలో ఆ ఫారం తెరిచి పేరు, పుట్టినతేదీ నింపుకుంటూ వచ్చి, పౌరసత్వం దగ్గర ఆగిపోయాను. అమెరికా పౌరులు, అక్కడి గ్రీన్‌కార్డు వాళ్లు, కెనడా పౌరులు, అక్కడి పర్మనెంట్ రెసిడెంట్లు. అంతే. అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న నాలాంటి ఇండియన్ పాస్‌పోర్టుకు అందులో చోటు లేదు. అన్నయ్య, వాడి కొడుకు సిటిజన్లు, వదినకు గ్రీన్‌కార్డు. అడ్డం నేనొక్కడినే.

ఆ రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే 1842లో అమెరికా, అప్పట్లో కెనడాను ఏలుతున్న బ్రిటన్ చేసుకున్న వెబ్‌స్టర్-యాష్‌బర్టన్ ఒప్పందం కనిపించింది. సుపీరియర్ సరస్సు నుంచి లేక్ ఆఫ్ ది వుడ్స్ దాకా సరిహద్దు వెంట ఉన్న జలమార్గాలు, పోర్టేజ్‌లు ఇరు దేశాల వాళ్లకూ స్వేచ్ఛగా తెరిచి ఉంచాలని అందులో రాసుకున్నారు. పోర్టేజ్ అంటే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను నెత్తిన పెట్టుకుని నడిచే కాలిబాట. బొచ్చు తోళ్ల వ్యాపారం రోజుల్లో ఏర్పడ్డ దారులవి. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అదీ ఇరు దేశాల పౌరులకు, ప్రజలకు మాత్రమే. నేను రెండింట్లో దేనికీ చెందను.

పొద్దున్నే అన్నయ్యకు ఫోన్ చేశాను.

"మీరు వెళ్లండి అన్నయ్యా, నేను ఇంకోసారి వస్తాను."

"ఇంకోసారంటే ఎప్పుడు, నీ గ్రీన్‌కార్డు వచ్చాకా? అప్పటికి నా మోకాళ్లుంటాయేంట్రా? రోడ్డు మీదుగా పోదాం. అందరం చుట్టూ తిరిగే పోదాం."

ఉత్తరం వైపు నుంచి, ఆటికోకన్ ఊరి దగ్గర నిమ్ లేక్‌లో కూడా క్వెటికోకి దారుంది. పర్మిట్‌లో ఎంట్రీ పాయింట్ మార్చుకున్నాం, కొంత డబ్బు పోయింది. ఇక నాకు కావాల్సింది కెనడా విజిటర్ వీసా. వదినకు అదీ అక్కర్లేదు, పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ చూపిస్తే చాలు. నాకు ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85 అయ్యాయి. వేలిముద్రలు మినియాపొలిస్‌లోనే ఇచ్చొచ్చాను. మే నెలలో పాస్‌పోర్టు పంపమని మెయిల్ వచ్చింది. వీసా వచ్చినట్టే లెక్క, సంతోషించాలి. కానీ పరాయి దేశంలో ఉంటూ, ఉన్న ఒక్క పాస్‌పోర్టునూ కవర్లో పెట్టి పోస్టులో వెయ్యడమంటే ఏమిటో వేసినవాళ్లకే తెలుస్తుంది. తిరిగొచ్చేదాకా రోజుకు నాలుగుసార్లు ట్రాకింగ్ చూసుకునేవాణ్ని.

అసలు టెన్షన్ వేరే ఉంది. నా అమెరికా వీసా స్టాంపు అప్పటికే ఎక్స్‌పైర్ అయిపోయింది. ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, మాత్రం చెల్లుతోంది. కెనడాకు వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగొస్తే, ఐ-94 గడువు ఉన్నంతవరకు పాత స్టాంపుతోనే రానిస్తారు. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. అయితే అక్కడున్నప్పుడు కొత్త అమెరికా వీసాకు అప్లై చేసి ఉండకూడదు. ఆఫీసులో లాయరును అడిగి, ఐ-94, ఐ-797 (హెచ్‌1బీ ఆమోద పత్రం) ప్రింట్లు తీసి, ఆ నిబంధన ఉన్న పేజీ కూడా జిప్ కవర్లో పెట్టుకున్నాను. పడవ బోల్తా పడితే నాకంటే ముందు ఆ కవరు తేలాలి.

జులైలో ఇంటర్నేషనల్ ఫాల్స్ దగ్గర రెయినీ నది మీద వంతెన దాటి ఫోర్ట్ ఫ్రాన్సెస్‌లో ఆగాం. ఆఫీసరు నా వీసా ఒక నిమిషం చూశాడు, సామాను గురించి ఐదు నిమిషాలు అడిగాడు. వంటచెరుకు తెస్తున్నారా? లేదు, అడవి పురుగులు కట్టెలతో పాటు దేశం దాటతాయని ముందే చదివాం. బేర్ స్ప్రే? ఉంది. ఎలుగుబంట్ల కోసమని డబ్బా మీద రాసుంటేనే ఒప్పుకుంటారు, మనుషుల మీద కొట్టే పెప్పర్ స్ప్రే అయితే కెనడాలో నిషేధం. లేబుల్ తిప్పి చూపించాం. ఆ పక్కనే ప్లాస్టిక్ డబ్బాలో ఎర్రగా ఆవకాయ. ఈ పార్కుల్లోకి గాజు సీసాలు, టిన్ను డబ్బాలు తీసుకుపోకూడదు కాబట్టి వదిన సీసాలోంచి డబ్బాలోకి మార్చింది. నూనె మూత దాటి కారి బేర్ స్ప్రేకి అంటుకుంది. "ఇదేమిటి?" అన్నాడు. మామిడికాయ పచ్చడి అన్నాం. ఒకసారి వాసన చూసి మూత తనే బిగించి ఇచ్చాడు.

అక్కడి నుంచి ఆటికోకన్‌కి నూట యాభై కిలోమీటర్లకు దగ్గర. నిమ్ లేక్‌లో పడవలు దించి బాచెవాంగ్ మీదుగా పికరెల్ లేక్ చేరాం. క్వెటికోలో గుడారానికి ఇక్కడే వెయ్యాలని గుర్తులుండవు, మరుగుదొడ్లూ ఉండవు, చిన్న పార పట్టుకుని చెట్ల వెనక్కి పోవడమే. చేపలు పట్టడానికి ఒంటారియో లైసెన్సు కావాలి, గాలం కొనకు వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, ఎరగా వానపాము కూడా పనికిరాదు. ఐదు రాత్రులున్నాం. దోమల గురించి రాయను.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. క్యాలెండర్ తరవాత చూసుకోండి, గుంపులో ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో, ఎవరు ఏ స్టేటస్‌లో ఉన్నారో ముందు రాసుకోండి. ఆర్‌ఏబీసీ కొత్త దరఖాస్తులు చూడటం 2024లో ఆపేశారు. దాన్ని ఎత్తేసి ఫోన్‌లో రిపోర్టు చేసే పద్ధతి తెస్తామని కెనడా ప్రకటించింది కూడా. కాబట్టి నేను చెప్పిన ఫారం పట్టుకుని వెతక్కండి, మీరు వెళ్లే ఏడు ఏముందో చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు అమెరికా వైపు ఆఫీసరు పాత స్టాంపు చూసి నన్ను లోపలికి రమ్మన్నాడు. జిప్ కవర్ మొత్తం బల్ల మీద పెట్టాను. ఐ-94 చూశాడు, ఐ-797 చూశాడు, కంప్యూటర్లో ఏదో కొట్టాడు. నేను ప్రింటు తీసుకున్న నిబంధన పేజీ ముట్టుకోనైనా లేదు, అతనికి తెలిసిందే కదా. పాస్‌పోర్టు చేతికిస్తూ చేపలు పడ్డాయా అని అడిగాడు.

రెండు పడ్డాయి, రెండూ వదిలేశాం అన్నాను.